మధుమేహమును, నెత్తుటి యూపిరియు

గడచిన మాఘమాసమున జహీరాబాదునందు మా పాఠశాలకు ఒక విద్యార్థి తండ్రి వచ్చెను. ఆయన చెఱకు పండించు రైతు. ఆ దినములలో మా ప్రాంతమున చెఱకు నఱకుట ముమ్మరముగా సాగుచుండును. బొంబాయి బాటపై చెఱకు లారీలును ట్రాక్టరులును వరుసగా పోవుచుండును. ఆయన మా చేతిలో రెండు కాగితములు పెట్టి యిట్లనెను: "సారూ, మీరు ఇంగిలీషు చదివిన్రు గద. గివి జర చూడుండ్రి. నా నెత్తురుల నూటికి తొమ్మిది పాళ్లు శక్కరే ఉన్నదని రాసిన్రా?"

మొదటి కాగితముపై పరగడుపున తీసిన నెత్తుటిలోని చక్కెర 118 అని యుండెను. రెండవదానిపై 9.2 శాతమని యుండెను. ఆయన రెండు మాసములకు పైగా మాత్రలు మానివైచి, పరీక్ష దగ్గఱపడగా నాలుగు దినములు అన్నము తగ్గించి, మరల మాత్రలు మ్రింగి, పరీక్షకు పోయెనట. మొదటి కాగితము చూచి సంతోషించెను. రెండవది చూచి భయపడెను. "గీ రెండు కాయితాలల్ల ఏది అబద్ధం సారూ?" అని ఆయన ప్రశ్న.

మేము సంస్కృతము చదివినవారము, ఆంగ్లమును చదివినవారము. అయినను ఆ ప్రశ్నకు ఆ క్షణమున సరియైన సమాధానము చెప్పలేక సిగ్గుపడితిమి. పిమ్మట గ్రంథములు తిరుగవేసి, తెలిసిన వైద్యులను అడిగి, ఈ విషయమును ఓపికతో నేర్చుకొంటిమి. రెండు కాగితములును అబద్ధమాడలేదు. అవి వేఱువేఱు ప్రశ్నలకు ఉత్తరములు. రెండవ కాగితమునందలి అంకె వెనుక నొక దీర్ఘమైన చరిత్ర యున్నది. ఆ చరిత్రలో మన భీమవరమున పుట్టిన తెలుగువాని చేయియు నున్నది. మన జనులు "షుగరు బీమారి" యని పిలుచు ఈ వ్యాధి తీపికి మాత్రమే సంబంధించినది కాదనియు, నెత్తురు మోయు ఊపిరికిని దానికిని పొత్తు కలదనియు ఆ చరిత్ర మనకు నేర్పుచున్నది. దానిని చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా మన పూర్వులకు ఋణము చెల్లింపవలెను. చరక సుశ్రుత సంహితలు ప్రమేహములను ఇరువదిగా లెక్కించినవి: కఫజములు పది, పిత్తజములు ఆఱు, వాతజములు నాలుగు. ఆ నాలుగింటిలో మధుమేహ మొకటి. దానినే సుశ్రుతుడు క్షౌద్రమేహ మనెను. క్షౌద్ర మనగా తేనె. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను ప్రాచీన వైద్యులు గమనించిరి. పుట్టుకతో వచ్చునది యొకటియు, అపథ్యమువలన వచ్చునది యొకటియు నని రెండు తెఱగులను సుశ్రుతుడు విడదీసెను. మొదటివాడు కృశించియుండును, రెండవవాడు స్థూలించియుండును. ఉపేక్షించినచో అన్ని ప్రమేహములును తుదకు మధుమేహముగా మాఱునని హెచ్చరించెను. స్థూలరోగికి ఆయన విధించిన చికిత్సలో నడకయు శ్రమయు ప్రధానములు: నూఱు యోజనములు నడువవలెను, గోవుల వెంట తిరుగవలెను, బావి త్రవ్వవలెను. నేటి వైద్యుడును ఇంతకంటె మేలైన మాట చెప్పి రోగిని ఇంటికి పంపజాలడు.

అయినను మన మొక సత్యమును ఒప్పుకొనవలెను. చీమ మూత్రమున తీపి కలదని చెప్పగలదే కాని యెంత కలదో చెప్పలేదు. నిన్నటికంటె నేడు హెచ్చినదో తగ్గినదో చెప్పలేదు. పూర్వులు వ్యాధికి పేరు పెట్టిరి, లక్షణములను గుర్తించిరి, పథ్యమును విధించిరి. కొలతను మాత్రము ఈయలేదు. మనలో కొందఱు "అన్నియు మా గ్రంథములలోనే యున్నవి" యని యింతటితో తృప్తిపడుదురు. మఱి కొందఱు "మనకేమియు తెలియదు, అంతయు పరదేశములనుండి వచ్చినదే" యని తల వంచుకొందురు. ఈ వ్యాధి చరిత్ర చదివినవారికి ఈ రెండు మాటలును సరికావని తెలియును.

పాశ్చాత్య దేశములందును ఈ విద్య నాలుకతోనే ప్రారంభమైనది. 1674 లో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ రోగి మూత్రము తేనెవలె తీయగా నుండునని వ్రాసెను. 1776 లో మాథ్యూ డాబ్సన్ ఆ మూత్రమును ఇగురబెట్టి, మిగిలినది చక్కెరయే యని చూపెను. నెత్తుటిలోని నీరు సైతము తీయగా నున్నదని గుర్తించెను. 1889 లో జర్మను పండితులు మెరింగు, మింకోవ్‌స్కీ యను నిద్దఱు ఒక కుక్క క్లోమమును తీసివేయగా దానికి మధుమేహము వచ్చెను. 1921 లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు క్లోమమునుండి ఇన్సులిను తీయుటకు పూనుకొనిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలుడొకడు ఆ సూదిమందును మొదటిసారిగా పొందెను. అంతకు పూర్వము అట్టి బాలురకు మరణము తప్ప వేఱు దారి లేకుండెను.

ఇది తీపి కథ. ఇక ఊపిరి కథకు వత్తము. ఈ రెండు కథలును ముందు కలియును.

మనము పీల్చిన ప్రాణవాయువును ఊపిరితిత్తులనుండి అంగాంగమునకు మోయునది నెత్తుటి యెఱ్ఱకణములలోని హీమోగ్లోబిను. ఈ పేరును 1864 లో జర్మను రసాయనవేత్త హోప్పె జైలరు పెట్టెను. అందు నాలుగు గొలుసులు ఒక దానితో నొకటి పెనగొని యుండును. రెంటికి ఆల్ఫా యనియు, రెంటికి బీటా యనియు పేళ్లు. గొలుసునకొక యినుపకణము గల పీట యుండును; ఆ పీటపై ప్రాణవాయువు కూర్చుండును. ఒక గ్రాము హీమోగ్లోబిను ఇంచుమించుగా 1.34 ఘన సెంటీమీటర్ల ప్రాణవాయువును మోయగలదు.

అయితే మోయుటతో పని తీరదు. మా జహీరాబాదు మార్కెట్టులో హమాలీని చూడుడు. లారీ దగ్గఱ బస్తాను గట్టిగా పట్టి యెత్తుట యెంత ముఖ్యమో, కొట్టులో దానిని దించుటయు నంత ముఖ్యము. ఎత్తిన బస్తాను దింపక, అట్లే భుజాన వేసికొని మరల లారీ కడకు వచ్చు హమాలీవలన సేటుకు ప్రయోజనమేమి? హీమోగ్లోబినును ఇట్టిదే. ఊపిరితిత్తులలో దానికి పట్టు బిగువుగా నుండవలెను. కండలోను మెదడులోను కాలి వ్రేలిలోను ఆ పట్టు సడలవలెను. ఊరకుండు మనిషిలో ఊపిరితిత్తులను విడిచిన నెత్తురు నూటికి తొంబదియేడు పాళ్లు నిండియుండును. శరీరమంతయు తిరిగి వచ్చునప్పటికి డెబ్బదియైదు పాళ్లు మిగులును. అనగా బరువులో నాలుగవ వంతును మాత్రమే దించును. పరుగెత్తునప్పుడు, జ్వరము వచ్చినప్పుడు ఇంకను ఎక్కువ దింపవలసి యుండును.

ఈ పట్టును సడలించునదేమి? 1904 లో కోపెన్‌హేగను నగరమున క్రిస్టియన్ బోరు, హాసెల్‌బాఖు, క్రో అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనికి మొదటి యుత్తరము చెప్పిరి. కండ పని చేయుచో బొగ్గుపులుసు గాలి పుట్టును, పులుపు హెచ్చును; ఆ పులుపు తగిలినచోట హీమోగ్లోబిను తన పట్టును సడలించును. ఎచ్చట పని జరుగుచున్నదో అచ్చటనే బస్తా దిగును. ప్రకృతి చేసిన ఈ యేర్పాటు మిక్కిలి చక్కనిది. కాని ఇది సంపూర్ణమైన యుత్తరము కాదు. వడపోసి శుభ్రము చేసిన హీమోగ్లోబినును నీటిలో కరగించి చూచినప్పుడు, ఎఱ్ఱకణములోపల ఉన్నప్పటికంటె అది ప్రాణవాయువును మిక్కిలి బిగువుగా పట్టుకొనుచుండెను. కణములోపల దానిని సడలించు వస్తువు మఱొకటి యుండవలెను. ఆ వస్తువు 1925 లోనే దొరకినది. కాని దొరకినదని యెవరికిని తెలియలేదు.

ఇచ్చట మన తెలుగునాటి కథ ప్రవేశించుచున్నది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించెను. చెన్నపురిలో వైద్యము చదివెను. గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు తొడిగినందులకు ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బీ.బీ.యస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.యస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. పిమ్మట చెన్నపురి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించెను. చరక సుశ్రుతుల విద్యను నేర్చు విద్యార్థుల నడుమ కొంతకాలము గడపిన ఈయన, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. టొరంటోలో ఆ బాలునికి ఇన్సులిను ఇచ్చిన సంవత్సరమే యది. చేతిలో ధనము లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరి చేసి పొట్ట పోసికొనుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను.

అచ్చట సైరస్ ఫిస్కె యను నాయనతో గూడి సుబ్బారావు ఒక కొలతను సాధించెను. నెత్తుటిలోను మూత్రములోను ఉండు భాస్వరమును తూచుట అంతకు పూర్వము కష్టసాధ్యమైన పని. వీరిద్దఱు ఆ ద్రవమునకు మాలిబ్డినపు లవణమును చేర్చి, మఱియొక మందు కలిపి, నీలిరంగు పుట్టించిరి. భాస్వర మెంతయో నీలి యంత. రంగు చిక్కదనమును చూచి భాస్వరపు మొత్తమును చెప్పవచ్చును. కొన్ని చుక్కల నెత్తురు చాలును. కొద్ది నిమిషములు చాలును. 1925 లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ యను పత్రికలో ఈ పద్ధతి వెలువడెను. నేటికిని దానికి ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యని పేరు. ఈ కొలతయే దీపముగా వారు 1927 లో కండలోని ఫాస్ఫోక్రియాటినును, 1929 లో జీవశక్తికి నాణెము వంటిదైన ఏ.టీ.పీ. యను ద్రవ్యమును గుర్తించిరి. ఈ రెండవదానిని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను పండితుడు వేఱుగా కనుగొనెను.

అదే 1925 లో, అదే పత్రికలో, ఇసిడోరు గ్రీన్‌వాల్డు అను రసాయనవేత్త మఱియొక వ్యాసమును ప్రకటించెను. పంది నెత్తుటి కణములనుండి భాస్వరముతో గూడిన క్రొత్త ద్రవ్యమొకదానిని తాను వేఱుచేసినట్లు అందు వ్రాసెను. దాని పేరు డైఫాస్ఫోగ్లిసరేటు. వైద్యులు ముద్దుగా డీ.పీ.జీ. యందురు. ఒక యెఱ్ఱకణములో హీమోగ్లోబిను అణువు లెన్నియో, ఈ ద్రవ్యపు అణువులును ఇంచుమించుగా నన్నియే యుండును. ఇంత విస్తారముగా నున్న వస్తువు ఊరకయే యుండునా? అయినను నలువదిరెండు సంవత్సరములు దాని పని యేమో లోకమునకు తెలియలేదు. ఆ కాలమున నెత్తుటిలోని భాస్వర ద్రవ్యములను తూచిన పలువురు సుబ్బారావు నీలిరంగునో దాని సంస్కరణములనో వాడిరి. తెలుగువాని కొలకఱ్ఱ ఆ రహస్యము నొడ్డున నిలిచియుండెను.

1967 లో ఆ రహస్యము తెఱపబడెను. అమెరికాలో రైన్‌హోల్డు బెనెష్, రూత్ బెనెష్ దంపతులును, చనూటిన్, కర్నిష్ అను మఱి యిరువురును వేఱువేఱుగా నొక్క సత్యమునే చెప్పిరి: కణములోపల హీమోగ్లోబిను పట్టును సడలించు వస్తువు ఈ డీ.పీ.జీ. యే. హీమోగ్లోబిను తన బరువును దించినప్పుడు రెండు బీటా గొలుసుల నడుమ నొక సందు ఏర్పడును, డీ.పీ.జీ. అందులో దూరి కూర్చుండును. తలుపునకు వేసిన గెడవలె అది గొలుసులను సడలిన స్థితిలోనే నిలుపును. 1972 లో ఆర్నోన్ అను శాస్త్రజ్ఞుడు ఎక్స్‌రే కిరణములతో ఆ కూర్చున్న చోటునే చూపెను. కొండల మీదికి పోయినవారికి కొన్ని దినములలో డీ.పీ.జీ. హెచ్చును, పలుచని గాలిలో పీల్చిన కొద్ది ప్రాణవాయువును నెత్తురు ధారాళముగా దించుటకే ఈ యేర్పాటు.

ఇప్పుడు తీపి కథయు ఊపిరి కథయు కలియుచున్నవి. 1968 లో ఇరాను రాజధాని టెహరానునందు శామ్యూల్ రాహ్‌బర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు మధుమేహ రోగుల నెత్తుటిలో నొక వింత హీమోగ్లోబినును చూచెను. అది యందఱిలోను కొంచెముగా నుండునదే. 1958 నాటికే దానిని వేఱుచేసినవారు కలరు. కాని మధుమేహ రోగులలో నది చాల హెచ్చుగా నున్నది. అదే 1968 లో బుక్‌చిన్, గాలప్ అనువారు అది బీటా గొలుసు మొదటి కొసకు చక్కెర యంటుకొన్న హీమోగ్లోబినే యని చూపిరి. ఆ చక్కెరను ఎవరును పనిగట్టుకొని యంటింపలేదు. తీపి నీటిలో నానిన దారమునకు పంచదార పట్టినట్లు, నెత్తుటిలో చక్కెర యెంత హెచ్చుగా నెంతకాల ముండునో అంతకు తగినట్లు అది మెల్లగా నంటుకొనును; ఒకసారి గట్టిపడినచో ఆ కణము చచ్చువఱకు వదలదు. ఎఱ్ఱకణము ఆయుర్దాయము ఇంచుమించుగా నూట యిరువది దినములు. కాబట్టి ఈ హీమోగ్లోబిను గడచిన రెండు మూడు మాసముల చక్కెర చరిత్రను తన యొడలిపై వ్రాసికొని తిరుగుచుండును. 1976 లో కోనిగ్, సెరామీ మొదలగువారు రోగి చక్కెరను అదుపునకు తెచ్చిన కొలది ఈ యంకెయు దిగుటను చూపిరి. మా రైతు చేతిలోని రెండవ కాగితము ఈ పరీక్షదే. దాని పేరు హెచ్.బీ.ఏ.వన్.సీ.

చదువరులు ఇచ్చట నొక చిన్న సంగతిని గమనింపవలెను. చక్కెర యంటుకొను బీటా గొలుసు మొదటి కొస, డీ.పీ.జీ. పట్టుకొను చోటులలో నొకటి. పీటపై ముందే యొకరు కూర్చుండగా గెడ సరిగా పడునా? 1970 లో బన్, బ్రీల్ అనువారు చక్కెర పట్టిన హీమోగ్లోబిను డీ.పీ.జీ. మాటను అంతగా వినదని చూపిరి. డీ.పీ.జీ. మాట విననిది బస్తాను బిగువుగా పట్టును. దించవలసినచోట తక్కువ దించును. డెన్మార్కు వైద్యుడు యోర్న్ డిట్సెల్ మొదలగువారు ఆ దశాబ్దమున దీనినే విచారించిరి. మధుమేహమున కన్ను, మూత్రపిండము, పాదము చెడుటకు ప్రాణవాయువు సరిగా దిగకపోవుట యొక కారణము కారాదా యని వారు ప్రశ్నించిరి. అదుపు తప్పిన మధుమేహమున భాస్వరము మూత్రముతో బయటికి పోవును. ఇన్సులిను ఇచ్చినప్పుడు నెత్తుటిలో మిగిలినది కణములలోనికి పోవును. భాస్వరము తగ్గినచో డీ.పీ.జీ. తయారగుటయు తగ్గును. సుబ్బారావు కొలిచిన వస్తువే ఈ గొలుసులో మరల కానవచ్చుచున్నది.

1972 లో ఆల్బర్టీ మొదలగు ఆంగ్ల వైద్యులు ఇంకొక చిక్కును బయటపెట్టిరి. ఇన్సులిను లేక నెత్తురు పులిసిన రోగిలో డీ.పీ.జీ. తగ్గును, కాని అదే పులుపు, బోరు చెప్పినట్లు, పట్టును సడలించును. ఒకటి బిగించును, మఱొకటి సడలించును. త్రాసు సమముగా నిలుచును. వైద్యుడు తొందరపడి క్షారమెక్కించి పులుపును విఱిచినచో సడలించునది వెంటనే మాయమగును, డీ.పీ.జీ. మాత్రము తిరిగి నిండుటకు దినములు పట్టును. ఆ నడిమి వేళలో హీమోగ్లోబిను బిగువు హెచ్చును. పులిసిన నెత్తురు మిక్కిలి తీవ్రమైనప్పుడు తప్ప నేడు వైద్యులు క్షారము నీయకుండుటకు గల కారణములలో నిదియు నొకటి.

అట్లయిన భాస్వరము నిచ్చినచో రోగము కుదురునా? అట్లే ఆశించి పరీక్షించి చూచిరి. డీ.పీ.జీ. త్వరగా నిండినను రోగులకు స్పష్టమైన మేలు కనబడలేదు. అందుచేత భాస్వరము మిక్కిలి క్షీణించినవారికి తప్ప అందఱకు నిచ్చుట మానిరి. చక్కని సిద్ధాంతమైనను రోగి మంచము చెంత నిలువనిచో దానిని విడిచిపెట్టుటయే శాస్త్రధర్మము. అట్లే దీర్ఘకాలపు రోగులలో పలువురకు శరీరము డీ.పీ.జీ. ని కొంత పెంచుకొని, పట్టును ఇంచుమించుగా సమముగా నుంచుకొనునని తేలినది. కాబట్టి కాలి పుండు మానకపోవుటకు హీమోగ్లోబిను బిగువే కారణమని చెప్పుట అతిశయోక్తి. నెత్తుటి నాళములు ఇఱుకగుట, నరములు చచ్చి నొప్పి తెలియకపోవుట, క్రిములు చేరుట ప్రధాన కారణములు. ప్రాణవాయువు దిగుటలో కలుగు కొఱత ఆ దుర్బలమైన పాదముపై మఱి కొంచెము బరువు వేయును.

అయితే హీమోగ్లోబినునకు చక్కెర పట్టినట్లే నాళముల గోడలకును, మూత్రపిండపు జల్లెడకును, కంటి కటకమునకును పట్టును. వానిని కోసి చూడలేము, హీమోగ్లోబినును చూడగలము. అది ఈ వ్యవహారమున స్వల్పముగా దోషియైనను, ముఖ్యముగా సాక్షి. నాలుగు దినముల యుపవాసముతో ఆ సాక్షిని లోబఱచుకొనలేము. 1993 లో వెలువడిన అమెరికా మహాపరిశోధనయు, 1998 లో వెలువడిన బ్రిటిషు పరిశోధనయు ఈ యంకెను దించినవారిలో కన్ను, మూత్రపిండములు చెడుట గణనీయముగా తగ్గునని చూపినవి.

మేము రైతును పిలిపించి ఈ విధముగా చెప్పితిమి: "తొమ్మిది పాళ్లు చక్కెర కాదయ్యా. ఆరోగ్యవంతుని శరీరములోని అయిదు లీటర్ల నెత్తుటిలో నుండు చక్కెర యంతయు కలిపి ఒక చెంచాడు. నీ యంకెకు సరిపోవు సగటు చక్కెర ఇంచుమించుగా 217. అనగా రెండు చెంచాలు. నీకును ఆరోగ్యవంతునికిని భేదము ఒక్క చెంచా. ఆ యొక్క చెంచా మూడు మాసములు నిలిచి నీ హీమోగ్లోబినులో నూటికి సుమారు తొమ్మిదింటి పైకి ఎక్కినది. మొదటి కాగితము ఆ ఉదయపు సంగతి చెప్పినది. రెండవది మూడు మాసముల సంగతి చెప్పినది." ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఒక్క చెంచానా సారూ?" అని మాత్ర మనెను.

ఆ యంకె 6.5 గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహముగా నెంచుదురు, 5.7 మొదలు 6.4 వఱకు గలవారు గట్టుపై నిలిచినవారు. రోగులలో పెక్కుమందికి 7 కంటె తక్కువ యుండవలెనని వైద్యులు కోరుదురు. మన దేశమున పదికోట్ల పదిలక్షల మందికి మధుమేహము కలదని 2023 లో భారత వైద్య పరిశోధనా మండలి యధ్యయనము తెలిపెను. వీరిలో తమ కీ రోగము కలదని యెఱుగనివారు పెక్కురు. చీమ పట్టినప్పుడు తెలిసికొందమని కూర్చున్నచో, అప్పటికి కన్నును కాలును సగము పోయియుండును.

మా ప్రాంతపు సంగతి యొకటి చెప్పవలెను. జహీరాబాదు చుట్టుప్రక్కల పల్లెలలో జొన్న, సజ్జ, కొఱ్ఱలు వెనుకటి తిండి. పస్తాపురమునందలి దక్కను డెవలప్‌మెంటు సొసైటీతో గూడిన పేద స్త్రీల సంఘములు 1980 ల నుండి ఆ చేలను మరల నిలిపి లోకప్రశంస లందినవి. అది మెచ్చదగిన పని. కాని చిరుధాన్యము మందు కాదు. మితము లేనిచో జొన్నరొట్టెయు నెత్తుటిలో చక్కెరయే యగును. "ఈ చూర్ణము తినుము, మాత్రలు మానుము" అని చెప్పువాడు ఎంత గొప్ప శ్లోకమును చదివినను వానిని అడుగవలసిన ప్రశ్న యొక్కటే: మూడు మాసముల పిదప అంకె యెంత?

ఇక మిగిలినది ముఖ్యమైన మాట. ఆ దినమున రైతు భార్యయు వెంట వచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండెను. ఆమె మొగము పాలిపోయియుండెను. నాలుగు మెట్లెక్కుటకే ఆయాసపడుట మేము చూచితిమి. ఆమెకు పరీక్ష చేయించితివా యని యడుగగా, "ఆమెకేం బీమారి లేదు సారూ, మంచిగనే పని చేస్తది" అనెను. "కొలిచి చెప్పుచున్నావా, చూచి చెప్పుచున్నావా?" అని యడిగితిమి. ఆయన బదులాడలేదు.

2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో నూటికి యేబదియేడుగురు రక్తహీనలు. అనగా వారిలో హమాలీల సంఖ్యయే తక్కువ. అట్టి శరీరమునకు మధుమేహమును తోడైనచో ఊపిరి కొఱత ఇనుమడించును. అంతేకాదు, ఇనుము చాలని రక్తహీనతలో హెచ్.బీ.ఏ.వన్.సీ. అంకె ఉన్నదానికంటె ఎక్కువగా కనబడవచ్చును. కణములు త్వరగా చచ్చు రోగములలో తక్కువగా కనబడవచ్చును. అందుచేత స్త్రీకి చక్కెరను మాత్రమే కొలుచుట చాలదు, హీమోగ్లోబినును కొలువవలెను. ఇంటిలో అందఱును తినిన పిదప మిగిలినది తిని, అందఱును పరీక్ష చేయించుకొనిన పిదప మిగిలిన రూకలతో తానును చేయించుకొందునని యెదురుచూచు గృహిణి మన యింటింటను కలదు. ఆమెకు బీమారి లేదని మనము చెప్పునది కొలిచి కాదు, కొలువక పోవుటచేతనే.

సుబ్బారావు 1948 ఆగస్టులో అమెరికాలో మరణించెను. నెత్తురు పుట్టుటకు కావలసిన ఫోలిక్ ఆమ్లమును 1945 లో కృత్రిమముగా తయారుచేసిన పరిశోధకబృందమునకు ఆయనయే నాయకుడు. నేడు మన పల్లెలలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో ఆ ద్రవ్యమున్నది. ఆయన జయంతి నాడు భీమవరమున పూలదండలు వేయుట మంచిదే. పూలదండతోపాటు ప్రతి గృహస్థుడు తన యింటి స్త్రీలను పరీక్షకు తీసికొనిపోయినచో అదియే ఆ మహనీయునకు తగిన పూజ యని మా యభిప్రాయము.

వైశాఖమాసమున రైతు మరల వచ్చెను. ఈసారి రెండు కాగితములును రెండవ తెఱగువే. ఒకటి తనది, ఒకటి భార్యది. ఆయన యంకె 7.8. ఇంకను దిగవలెను, దిగుచున్నది. ఆమెకు మధుమేహము లేదు. కాని ఆమె కాగితము క్రింది పంక్తిలో హీమోగ్లోబిను 8.1 అని యుండెను, పండ్రెండు ఉండవలసినది. ఆ పంక్తిపై తన బొటనవ్రేలుంచి, "గిది మేం ఇన్నేండ్లు చూడనే లేదు సారూ" అనెను. ఆమెకు మాత్రలు ప్రారంభమైనవనియు, ఇప్పుడు తానును ఆమెయు కలిసి కూర్చుండి తినుచున్నామనియు చెప్పి, ఆ కాగితములను మడిచి చొక్కా జేబులో పెట్టుకొని వెడలిపోయెను.